మామూలు మెడ: ఒక ఎక్స్-రే చిత్రాన్ని చదవడం నేర్చుకున్న కథ

తాటిచెట్టు మీదినుండి కాలుజారి పడిన గీత కార్మికుని, లారీ గుద్దిన సైకిలువానిని, లోతు చూడకుండా బావిలోకి తలక్రిందుగా దూకిన కుర్రవానిని ఆసుపత్రికి తీసికొని వచ్చినప్పుడు వైద్యుని మనస్సులో మెదిలే మొదటి ప్రశ్నలలో ఒకటి మెడను గురించినది. కాలి ఎముక విరిగితే కాలు వంకరపోయి కనబడుతుంది. మెడ ఎముక విరిగితే పైకి ఏమీ కనబడకపోవచ్చును. మనిషి మాట్లాడుతూనే ఉంటాడు, చేతులు కదుపుతూనే ఉంటాడు. అటువంటి వానిని ఇద్దరు పట్టుకొని లేవనెత్తి కూర్చుండబెట్టినప్పుడు విరిగిన ఎముక కొంచెం జరిగితే చాలును. దాని నడుమనున్న వెన్నుపాము నలిగి, మెడ దిగువనున్న దేహమంతా జీవితాంతం చచ్చుబడిపోవచ్చును.

దీనికి ఎదురుగా ఇంకొక పొరపాటు ఉన్నది. మెడ చక్కగానే ఉన్నా, చిత్రంలో ఏదో గీత కనబడినదని విరిగినట్లు నిర్ణయిస్తే, ఆరోగ్యవంతుడు వారాల తరబడి మంచాన పడి ఉండవలసి వస్తుంది. 1933లో అమెరికాలో క్రచ్‌ఫీల్డ్ అనే వైద్యుడు పుర్రెకు పట్టుకారు బిగించి, బరువులు వ్రేలాడదీసి మెడను సాగదీసే పద్ధతిని తెచ్చాడు. నిజంగా మెడ విరిగినవారికి అది ప్రాణదానమే. విరగనివారికి అది శిక్ష. కనుక వైద్యుడు ముందుగా తెలిసికొనవలసినది ఒకటున్నది. మామూలు మెడ చిత్రంలో ఎట్లా కనబడుతుంది? ఈ ప్రశ్న తేలికగా తోస్తుంది గాని, దీనికి సమాధానం కూడబెట్టడానికి నూరేండ్లు పట్టినవి.

మనిషి మెడలో ఏడు వెన్నుపూసలు ఉన్నవి. ఎలుకకూ ఏడే, జిరాఫీకీ ఏడే. క్షీరజాతులలో ఒకటి రెండు తప్ప అన్నిటికీ ఇదే లెక్క. మన ఏడింటిలో పై రెండూ మిగిలినవాటి వంటివి కావు. మొదటిది ఉంగరం వలె గుండ్రంగా ఉండి తలను మోస్తుంది. గ్రీకు పురాణాలలో ఆకాశాన్ని భుజాలమీద మోసిన వాని పేరుమీద దానిని అట్లాసు అన్నారు. రెండవది ఆక్సిస్. దాని నుండి పంటివంటి మొన ఒకటి పైకి లేచి అట్లాసు ఉంగరంలో దూరి ఉంటుంది. దీనిని దంతప్రవర్ధం అంటారు. మనం అడ్డంగా తల ఊపి ‘కాదు’ అన్నప్పుడెల్లా ఈ మొన చుట్టూ ఉంగరం తిరుగుతున్నది. పూసల రంధ్రాలన్నీ ఒకదానిక్రింద ఒకటి చేరి ఏర్పడిన గొట్టంలో వెన్నుపాము ఉన్నది. చేతికీ కాలికీ మెదడునుండి పోయే ప్రతి ఆజ్ఞ ఈ త్రోవనే పోవలెను.

మెడ విరగడమంటే ఏమిటో ప్రాచీనులు ఎరుగుదురు. 1862లో ఈజిప్టులోని లక్సర్‌లో ఎడ్విన్ స్మిత్ అనే అమెరికన్ ఒక పపైరస్ చుట్టను కొన్నాడు. క్రీస్తుకు పూర్వం సుమారు 1600 నాటి ఈ ప్రతిని జేమ్స్ హెన్రీ బ్రెస్టెడ్ అనువదించి 1930లో ప్రచురించాడు. అందులోని 48 మంది రోగుల వివరాలలో కొన్ని మెడపూసల దెబ్బలను గురించినవే. ఒక రోగికి మెడపూస తొలగి, తన చేతులూ కాళ్లూ ఉన్నట్లే తెలియకుండా పోయినది. మూత్రం తనకు తెలియకుండా కారుతున్నది. మరొకనికి పూస ఒకటి దాని క్రిందిదానిలోకి నలిగి దిగినది. తలక్రిందుగా పడడమే దీనికి కారణమని ఆ వైద్యుడు కనిపెట్టాడు. మొదటి రోగిని పరీక్షించి, ఇది చికిత్స చేయదగినది కాదని తేల్చాడు. చర్మం క్రింద ఎముక ఏ తీరుగా ఉన్నదో బ్రతికియున్న మనిషిలో చూసే సాధనం లేని కాలమది. ఆ తరువాత మూడువేల అయిదువందల ఏండ్లవరకు కూడా లేదు.

1895 నవంబరు 8వ తేదీన జర్మనీలోని వుర్ట్స్‌బర్గ్‌లో విల్‌హెల్మ్ రాంట్‌జన్ ఎక్స్-కిరణాలను కనుగొన్నాడు. డిసెంబరు 22న తన భార్య చేతిని ఫలకం మీద ఉంచి చిత్రం తీశాడు. ఎముకలూ, వ్రేలి ఉంగరమూ స్పష్టంగా కనబడినవి. కొద్ది నెలలలోనే ప్రపంచంలోని వైద్యులు విరిగిన చేతులనూ, దేహంలో దిగిన తుపాకి గుండ్లనూ ఈ కిరణాలతో వెదకసాగారు. 1901లో భౌతికశాస్త్రానికి మొట్టమొదటి నోబెల్ బహుమానం రాంట్‌జన్‌కే వచ్చినది.

చేయి పలుచనిది, కదలకుండా ఫలకంమీద ఆనించవచ్చును. మెడ సంగతి వేరు. ఎక్స్-రే చిత్రం ఒక నీడ మాత్రమే. దారిలో ఉన్న వస్తువులన్నిటి నీడలూ ఒకదానిమీద ఒకటి పడతవి. మెడను ఎదుటినుండి తీస్తే దవడ, పండ్లు పై రెండు పూసలకు అడ్డం వస్తవి. ప్రక్కనుండి తీస్తే భుజాలు చివరి పూసకు అడ్డం వస్తవి. పైగా తొలినాటి గొట్టాల శక్తి చాలక మందమైన అవయవాల చిత్రానికి నిమిషాలు పట్టేవి. 1913లో కూలిడ్జ్ వేడి తీగతో పనిచేసే గొట్టాన్ని తయారుచేసిన తరువాత కిరణాల బలం వైద్యుని అదుపులోకి వచ్చినది. అదే సంవత్సరం గుస్టావ్ బకీ, చెదరిన కిరణాలను అడ్డగించే సీసపు జల్లెడను కనిపెట్టాడు. ఈ రెండింటితో మెడ, నడుము వంటి కష్టమైన చోట్ల కూడా తేటయైన చిత్రాలు రాసాగినవి.

నీడ అన్నందువల్ల మరొక చిక్కు ఉన్నది. దీపానికీ గోడకూ నడుమ చేయిపెట్టి, చేతిని గోడనుండి దూరంగా జరుపుతూ పోతే నీడ పెద్దదవుతూ అంచులు మసకబారతవి. దీనిని తరగతిలో అయిదు నిమిషాలలో చూపవచ్చును. ప్రక్కనుండి తీసే చిత్రంలో భుజం అడ్డం ఉన్నందున మెడ ఫలకానికి ఆనదు. అందుచేత గొట్టాన్ని సుమారు 6 అడుగుల దూరంలో ఉంచి తీయడం ఆచారమైనది. దీపం దూరమైనకొద్దీ నీడ అసలు పరిమాణానికి దగ్గరవుతుంది. దెబ్బతిన్న మనిషిని కదల్చరాదు గనుక అతనిని వెల్లకిలనే ఉంచి, కిరణాన్ని అడ్డంగా పంపి ఈ చిత్రం తీస్తారు.

పై రెండు పూసలకు మరొక ఉపాయం దొరికినది. రోగిని నోరు తెరువుమని, ఆ తెరిచిన నోటిగుండా కిరణాన్ని పంపితే దంతప్రవర్ధమూ, దానికి రెండువైపులా అట్లాసు భుజాలూ కనబడతవి. 20వ శతాబ్ది తొలి దశకాలలోనే వాడుకలోకి వచ్చిన ఈ చిత్రం విలువ, మాంచెస్టర్ శస్త్రవైద్యుడు జెఫ్రీ జెఫర్‌సన్ పనిని తలచుకుంటే తెలుస్తుంది. 1920లో ఆయన అట్లాసు విరిగిన నలుగురి వృత్తాంతాన్నీ, అంతకుముందు ఇతరులు వ్రాసినవాటినీ కలిపి పరిశీలించాడు. అట్లాసు ప్రక్కభాగాలు మేకుల వలె ఏటవాలుగా ఉన్నవి. నడినెత్తిమీద బరువు పడితే పుర్రె వాటిని క్రిందికి నొక్కుతుంది, అవి బయటికి జరుగుతవి, ఉంగరం పగులుతుంది. చిత్రమేమిటంటే, ఉంగరం పగిలి విశాలమైనందువల్లనే లోపలి వెన్నుపాము తరచుగా తప్పించుకుంటుంది. అంటే రోగి నడిచి వచ్చి మెడనొప్పి అని మాత్రమే చెప్పవచ్చును. నోరు తెరిపించి తీసిన చిత్రంలో అట్లాసు అంచులు ఆక్సిస్ అంచుల మీదుగా బయటికి పొడుచుకొని వచ్చినవా అని చూడవలెను. మామూలు మెడలో రెండు అంచులూ ఒకే వరుసలో ఉంటవి. రెండువైపులా పొడుచుకొని వచ్చినది కలిపి 6.9 మిల్లీమీటర్లు మించితే లోపలి బంధనం కూడా తెగినట్లే అని 1970లో స్పెన్స్, ఆయన సహచరులు లెక్కకట్టారు.

ఆక్సిస్ ఎముక చరిత్ర కొంత భయంకరమైనది. ఉరిశిక్షలో మరణం ఏ దెబ్బవల్ల కలుగుతుందో 1913లో వుడ్ జోన్స్ పరిశీలించి, ముడి గడ్డంక్రింద ఉన్నప్పుడు ఆక్సిస్ వెనుకభాగం రెండువైపులా విరుగుతుందని చూపాడు. 1965లో ష్నైడర్, మోటారు ప్రమాదాలలో గాయపడినవారి చిత్రాలలో అదే చోట అదే విరుగుడును చూసి దానికి తలారి పేరు పెట్టాడు. ఆకారం ఒకటే గాని బలాలు వేరు: ఉరిలో మెడ సాగిపోతుంది, మోటారులో తల వెనుకకు విరుచుకొని నలుగుతుంది. అందుచేతనే మోటారు ప్రమాదాలవారిలో పెక్కుమంది బ్రతికి బట్టకట్టారు. ఎముక పేరుకన్న, అది ఎట్లా విరిగినదన్నదే ముఖ్యమని ఇందువల్ల తెలుస్తున్నది.

ఇంతవరకు చెప్పినది విరిగిన మెడల సంగతి. మామూలు మెడను గురించిన విద్య వేరొక దారిలో పెరిగినది, దానిని ఎవరూ అంతగా కీర్తించలేదు. 1910లో జర్మన్ వైద్యుడు ఆల్బన్ కోహ్లర్ ఒక గ్రంథం ప్రచురించాడు. ఎక్స్-రే చిత్రంలో మామూలు ఎక్కడ ముగుస్తుంది, జబ్బు ఎక్కడ మొదలవుతుంది అన్నదే దాని విషయం, దాని పేరు కూడా ఇంచుమించు అదే. 1973లో అమెరికాలో థియొడర్ కీట్స్, జబ్బు అని భ్రమ కలిగించే మామూలు చిత్రాలను మాత్రమే ఏర్చి ఒక పెద్ద పటాల గ్రంథం కూర్చాడు. ఆరోగ్యవంతుల ఎముకలతో ఒక పుస్తకం నిండడం చూస్తే, ప్రకృతి ఒకే అచ్చులో మనుషులను పోయలేదని అర్థమవుతుంది.

అటువంటి భ్రమలలో ఒకటి భౌతికశాస్త్ర విద్యార్థులకు ప్రియమైనది. తెరిచిన నోటి చిత్రంలో దంతప్రవర్ధం మొదట, అడ్డంగా ఒక నల్లని గీత కనబడుతుంది. మొన విరిగినదని ఎవరికైనా తోస్తుంది. నిజానికి అట్లాసు వంపు నీడ అంచు అక్కడ పడుతున్నది. వెలుతురు తక్కువగా ఉన్నచోటు, ఎక్కువగా ఉన్నచోటు కలిసే అంచున మన కన్ను ఒక నల్లని పట్టీని, ఒక తెల్లని పట్టీని తానే కల్పించుకుంటుందని ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు ఎర్నెస్ట్ మాఖ్ 1865లోనే చూపాడు. కంటిలోని ఒక్కొక్క కణం వెలుగు తగిలినప్పుడు ప్రక్క కణాలను అణచడమే దీనికి కారణం. పరీక్ష సులభం. అంచుకు ఒకవైపును అట్టముక్కతో కప్పితే పట్టీ మాయమవుతుంది. నిజమైన పగులైతే మాయం కాదు. ముందుపండ్ల నడుమ సందు ఉన్నవారిలో ఆ సందు నీడ దంతప్రవర్ధం మీద నిలువుగా పడి, మొన రెండుగా చీలినట్లు కనబడడమూ ఉన్నది.

ప్రక్క చిత్రాన్ని చదివే పద్ధతి క్రమంగా ఒక దారికి వచ్చినది. వైద్యవిద్యార్థులకు మొదట ఏడు పూసలనూ లెక్కపెట్టుమంటారు. ఆ తరువాత మూడు వంపుగీతలను కంటితో గీయవలెను: పూసల ముందు అంచులను కలిపే గీత ఒకటి, వెనుక అంచులను కలిపేది ఒకటి, వెన్నుపాము గొట్టానికి వెనుకగోడను కలిపేది ఒకటి. ఈ మూడూ గడ్డం వైపుకు కొద్దిగా ఉబ్బి, నునుపుగా సాగవలెను. ఎక్కడా మెట్టు ఉండరాదు. వెల్లకిల పడుకొన్నవానికీ, మెడపట్టీ పెట్టినవానికీ వంపు పోయి గీతలు నిటారుగా కనబడవచ్చును. అంతమాత్రాన జబ్బు కాదు. అట్లాసు ముందువంపుకూ దంతప్రవర్ధానికీ నడుమ సందు పెద్దవారిలో 3 మిల్లీమీటర్లకు మించరాదు, పిల్లలలో 5 వరకు ఉండవచ్చును. పూసలకు ముందు, గొంతు వెనుక ఉండే మెత్తని కండ నీడను కూడా కొలవవలెను: పెద్దవారిలో రెండవ పూస దగ్గర 6, ఆరవ పూస దగ్గర 22 మిల్లీమీటర్లు మామూలు హద్దులు. ఎముకలో పగులు కనబడకున్నా, నెత్తురు చేరి ఈ నీడ ఉబ్బితే అనుమానించవలసినదే. 1975లో వైట్, పంజాబీ మొదలగువారు శవాల మెడలలో బంధనాలను ఒకటొకటిగా కోసి, కదలికను కొలిచారు. ఒక పూస దాని క్రిందిదానిమీద 3.5 మిల్లీమీటర్లకు మించి జరిగినా, ప్రక్కపూసలకన్న 11 డిగ్రీలకు మించి వంగినా ఆ మెడ నిలకడ తప్పినదని తేల్చారు.

ఈ కొలతలు పిల్లల దగ్గర తలక్రిందులవుతవి. పిల్లవాని తల దేహానికి మించిన బరువు; బంధనాలు వదులు; పూసల కీళ్లు బల్లపరుపుగా ఉంటవి. పెద్దవారి మెడ అయిదవ, ఆరవ పూసల దగ్గర ఎక్కువగా వంగితే, పసివాని మెడ రెండవ, మూడవ పూసల దగ్గర వంగుతుంది. దానివల్ల రెండవ పూస మూడవదానిమీద ముందుకు జారినట్లు కనబడుతుంది. 1965లో కాటెల్, ఫిల్ట్‌జర్ అనే వైద్యులు 160 మంది పిల్లల మెడలను చిత్రాలు తీసి, ఈ జారుడు ఏ గాయమూ లేని పిల్లలలోనే తరచుగా కనబడుతుందని చూపారు. అంతకుముందు ఎంతమంది పిల్లలను దీనికోసం నిష్కారణంగా మంచానికి కట్టివేశారో ఊహించుకోవలసినదే. పసివాని దంతప్రవర్ధానికీ ఆక్సిస్‌కూ నడుమ మృదులాస్థి పట్టీ ఒకటి ఉండి, మూడు మొదలు ఆరేండ్ల వయస్సులో ఎముకగా మారుతుంది. ఎక్స్-కిరణాలకు మృదులాస్థి కనబడదు గనుక అది కూడ పగులు వలెనే తోస్తుంది. ఏడ్చే పిల్లవాని గొంతు వెనుక కండ నీడ ఉబ్బడమూ మామూలే. ఏడ్వని పిల్లవాడు అత్యవసర విభాగంలో దొరకడం అరుదు!

నిజమైన జారుడును, పైకి కనబడే జారుడును వేరుచేయడానికి 1977లో లెనర్డ్ స్విష్చుక్ ఒక గీతను సూచించాడు. మొదటి పూస వెనుకగోడ ముందంచు నుండి మూడవ పూస వెనుకగోడ ముందంచుకు ఒక సరళరేఖ గీస్తే, రెండవదాని అంచు ఆ గీతకు తాకుతూనో, ఒక మిల్లీమీటరు ఇటు అటుగానో ఉండవలెను. 2 మిల్లీమీటర్లు, అంతకు మించి వెనుకబడితే ఆక్సిస్ విరిగినదేమో వెదకవలెను. ఒక స్కేలు, ఒక పెన్సిలు చాలును.

చిత్రం చక్కగా ఉన్నా మెడ చక్కగా ఉన్నదని చెప్పలేని సందర్భమూ ఉన్నది. 1982లో పాంగ్, విల్‌బర్గర్ అనువారు, చేతులు కాళ్లు పడిపోయినా ఎక్స్-రేలో ఏ దోషమూ కనబడని పిల్లలను గురించి వ్రాశారు. పసిబిడ్డ వెన్ను తెగకుండా 2 అంగుళాలు సాగగలదు. లోపలి వెన్నుపాము పావు అంగుళం మాత్రమే సాగుతుంది. ఎముక సాగి తిరిగి తన చోటికి వస్తుంది, పాము తెగుతుంది. అందుచేత చిత్రాన్ని చూడకముందు రోగిని చూడవలెనన్నది ఈ విద్యలో పాత నియమం.

మెడ చిత్రం అత్యవసర వైద్యంలో తప్పనిసరి అయినది 1980 తరువాత. 1976లో నెబ్రాస్కాలో జేమ్స్ స్టైనర్ అనే ఎముకల వైద్యుడు నడుపుతున్న చిన్న విమానం పొలంలో కూలి, భార్య మరణించి, పిల్లలు గాయపడ్డారు. ఆ రాత్రి వారికి లభించిన వైద్యాన్ని చూసి, ప్రమాద రోగులను చూడడంలో వైద్యులకు ఒక క్రమమైన శిక్షణ ఉండవలెనని ఆయన పూనుకొన్నాడు. 1978లో మొదలైన ఆ శిక్షణను 1980లో అమెరికన్ శస్త్రవైద్యుల కళాశాల స్వీకరించినది. మెడ, రొమ్ము, కటి అనే మూడు చిత్రాలను వెంటనే తీయడం ఆ శిక్షణద్వారా ఎన్నో దేశాలకు వ్యాపించినది. ప్రక్క చిత్రంలో ఏడవ పూసా, దాని క్రింది రొమ్ముపూస మొదటి అంచూ కనబడకపోతే ఆ చిత్రం చిత్రమే కాదని అందులో గట్టిగా చెప్పేవారు. భుజాలు అడ్డమైతే చేతులను పాదాలవైపు లాగి మళ్లీ తీస్తారు. అప్పటికీ కనబడకుంటే ఒక చేయి పైకెత్తి, ఒక చేయి దించి, ఈతగాని భంగిమలో తీస్తారు.

తప్పనిసరి అన్న తరువాత అతి కూడా వచ్చినది. దెబ్బ తగిలిన ప్రతివానికీ మెడ చిత్రమే. 2000లో జెరోమ్ హాఫ్‌మన్, ఆయన సహచరులు అమెరికాలోని 21 ఆసుపత్రులలో 34,069 మంది రోగుల లెక్క ప్రకటించారు. మెడకు నిజంగా గాయమైనవారు 818 మంది మాత్రమే, అంటే నూటికి ఇంచుమించు 2.4. మిగిలిన తొంబైయేడుగురికి పైగా మామూలు మెడలే. మెడ వెనుక నడుమ నొక్కితే నొప్పి లేకపోవడం, నరాల లోపం లేకపోవడం, పూర్తి స్పృహ, మత్తు లేకపోవడం, మెడ నొప్పిని మరపించే మరొక పెద్ద గాయం లేకపోవడం: ఈ అయిదూ ఉంటే చిత్రమే అక్కరలేదన్నారు. ఆ నియమం 818 మందిలో 8 మందిని మాత్రమే వదిలివేసినది.

మరుసటి ఏడు కెనడాలో ఇయాన్ స్టీల్ బృందం 8,924 మందిని పరీక్షించి మరొక నియమం చెప్పినది. వయస్సు 65 దాటినదా, ఎంత ఎత్తునుండి పడ్డాడు, చేతులలో తిమ్మిరి ఉన్నదా అని విచారించి, ప్రమాదం తక్కువ అయినవారిని మెడను ఇటు 45, అటు 45 డిగ్రీలు త్రిప్పమంటారు. త్రిప్పగలిగితే చిత్రం వద్దు. 2003లో ఈ రెండు నియమాలనూ ఒకే రోగులపై పోల్చి చూసినప్పుడు కెనడా నియమం నూటికి 99.4 గాయాలను, అమెరికా నియమం 90.7 గాయాలను పట్టినవి. పోలిక చేసినవారు కెనడావారే కనుక వాదం కొంతకాలం సాగినది.

ఈలోగా నీడ చిత్రానికి పోటీ వచ్చినది. 1971 అక్టోబరు 1న లండన్‌లో గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ యంత్రం మొదటి రోగి మెదడును పొరలు పొరలుగా చూపినది. నీడలు ఒకదానిమీద ఒకటి పడే చిక్కు ఈ సి.టి. యంత్రంలో లేదు. 2005లో హోమ్స్, అక్కినేపల్లి పూర్వపు పరిశోధనలన్నీ జోడించి చూడగా, గాయపడిన మెడలను మామూలు ఎక్స్-రే నూటికి 52 మాత్రమే పట్టగా సి.టి. 98 పట్టినది. ఇంతకాలం మామూలు మెడలని పంపివేసినవాటిలో కొన్ని అట్టివి కావని దీని భావం. పెద్ద ప్రమాదాలకు గురియైన పెద్దవారికి సి.టి. యంత్రమున్న ఆసుపత్రులలో ఇప్పుడు మొదట అదే తీస్తారు.

పిల్లల విషయంలో మాత్రం వైద్యులు తొందరపడరు. సి.టి.లో మెడలోని థైరాయిడ్ గ్రంథికి తగిలే కిరణాల మోతాదు మామూలు చిత్రంకన్న ఎన్నో రెట్లు ఎక్కువ. పెరిగే గ్రంథికి అది మరింత హాని. అందుచేత మాట్లాడగలిగిన, కదలగలిగిన పిల్లవానికి చిత్రం అవసరమని తోస్తే, ముందుగా ఆ పాత ప్రక్క చిత్రమే తీస్తారు. సి.టి. యంత్రం లేని చిన్న ఆసుపత్రులలో పెద్దవారికి కూడా అదే ఆధారం. అక్కడి వైద్యుడు ఇప్పటికీ పూసలను పైనుండి ఏడు లెక్కపెట్టి, ఎనిమిదవదాని అంచు కనబడినదో లేదో చూసి, కనబడకపోతే రోగి చేతులను మెల్లగా పాదాలవైపు లాగి మరొక చిత్రం తీయమంటాడు.